కరెంటు బిల్లు పుట్టుపూర్వోత్తరాలు

బియ్యము కొనేవాడు తరాజు ముల్లు వైపు చూస్తాడు. బట్ట కొనేవాడు గజముబద్ద మీద కన్ను వేసి ఉంచుతాడు. పాలు పోయించుకొనే ఇల్లాలు గిద్దె నిండినదా లేదా అని వంగి చూస్తుంది. కొనేవాడు కొలతను కళ్ళారా చూడడము అంగడి ఎంత పాతదో అంత పాత ఆచారము. కాని విద్యుచ్ఛక్తి కంటికి కనపడదు, చేతికి అందదు, మూట కట్టి తెచ్చుకొనేది కాదు. దీపము వెలిగినంత సేపూ ఎంత ఖర్చయినదో ఎవరికీ తెలియదు. నెలాఖరుకు ఒక కాగితము వస్తుంది. దాని మీద ఉన్న అంకెను నమ్మి డబ్బు చెల్లించవలసి ఉంటుంది.

ఈ నమ్మకము ఊరక కుదిరినది కాదు. దానికి నూటనలుబది యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మీటరును గూర్చిన తగాదా చాలవరకు ఏనాడో తీరిపోయినది. ఇప్పటి తగాదా మీటరుకు దిగువన చేరిన మరొక పంక్తిని గూర్చినది. దానినే ఇంధన సర్దుబాటు అనీ, ట్రూ-అప్ అనీ, సర్‌చార్జీ అనీ అంటున్నారు. ఈ పంక్తి ఎట్లు పుట్టినది? ఎందుకు పెరిగినది? దానిని సరిచూచుకొనడము సామాన్యునికి ఎందుకు కష్టమవుతున్నది?

ఎడిసన్ గాజు పాత్రలు

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరములోని పెరల్ వీధిలో థామస్ ఎడిసన్ విద్యుత్ కేంద్రము పని ప్రారంభించినది. మొదట కొన్ని నెలలు డబ్బు వసూలు చేయలేదు. యంత్రాలు నిలకడగా పనిచేస్తున్నవని తేలిన తరువాత 1883 జనవరిలో ఆన్సోనియా ఇత్తడి, రాగి కంపెనీకి 50 డాలర్ల 44 సెంట్లకు బిల్లు పంపినారు. ఎడిసన్ వ్యవస్థలో అదే మొదటి బిల్లని చెబుతారు.

ఆ రోజులలో తిరిగే మీటరు లేదు. ఎడిసన్ రసాయన శాస్త్రాన్ని ఆశ్రయించినాడు. గాజు పాత్రలో జింకు సల్ఫేటు ద్రావణము పోసి అందులో రెండు జింకు పలకలు ఉంచినాడు. ఇంటిలోకి పోయే కరెంటులో అతి స్వల్పభాగము ఈ పాత్ర గుండా పోయే ఏర్పాటు చేసినాడు. కరెంటు పోతున్నకొలదీ ఒక పలక అరుగుతుంది, రెండవదాని మీద జింకు పేరుకొంటుంది. ఫారడే నియమము ప్రకారము ఒక ఆంపియరు కరెంటు ఒక గంట ప్రవహిస్తే సుమారు 1.22 గ్రాముల జింకు అరుగుతుంది. నెలకొకసారి కంపెనీ మనిషి వచ్చి పలకలను తీసికొనిపోయి, కడిగి, ఆరబెట్టి, సున్నితమైన త్రాసులో తూచేవాడు. బరువులో వచ్చిన తేడాను బట్టి బిల్లు తయారయ్యేది. చలికాలములో ద్రావణము గడ్డకట్టకుండా మీటరు పెట్టెలోనే ఒక చిన్న దీపము పెట్టవలసి వచ్చినది. చలి ముదిరినప్పుడు అది తనంతట తానే వెలిగేది.

శాస్త్రరీత్యా ఇందులో తప్పు లేదు. కాని పలక ఉన్నది వినియోగదారుని ఇంటిలో, త్రాసు ఉన్నది కంపెనీ గదిలో. పలక ఎంత అరిగినదో ఇంటి యజమాని తెలుసుకొనే మార్గము లేదు. కంపెనీ ఎంత చెబితే అంత.

ఈ అనుమానము సామాన్యులకే కాదు, ఎడిసన్ కంపెనీకి పెట్టుబడి పెట్టిన జె. పి. మోర్గన్‌కు కూడ కలిగినదని ఎడిసన్ జీవితచరిత్రలో ఒక ఉదంతము ఉన్నది. మోర్గన్ కార్యాలయములో ప్రతి దీపము వద్ద ఒక అట్ట వ్రేలాడదీసి, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ వ్రాయించినారు. నెలాఖరున ఆ గంటలు కూడి చూస్తే మీటరు లెక్కతో సరిపోలేదు. విచారించగా, రాత్రిపూట గదులు శుభ్రముచేసే మనిషి వెలిగించుకొన్న దీపాలు అట్టల మీదికి ఎక్కలేదని బయటపడినది. అవి కూడ కలిపి చూచినప్పుడు రెండు లెక్కలూ దగ్గరపడినవి. మీటరు నెగ్గినది. అయితే మోర్గన్ నమ్మినది మీటరు మంచిదని ఎవరో చెప్పినందువలన కాదు. తన లెక్క తాను వేసికొనే అవకాశము దొరికినందువలన.

తిరిగే పళ్ళెము

ఒకే దిశలో పోయే కరెంటుకు పనికివచ్చిన జింకు పలక, దిశ మార్చుకొంటూ పోయే ఏకాంతర విద్యుత్తుకు పనికిరాలేదు. ఒక క్షణములో అరిగినది మరుక్షణములో తిరిగి పేరుకొంటుంది. 1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక దీపపు యంత్రాన్ని పరిశీలిస్తూ ఉండగా, జారిపడిన చిన్న స్ప్రింగు ఒకటి తీగచుట్ట దగ్గర తనంతట తానే తిరగడము గమనించినాడు. తిరిగే అయస్కాంత క్షేత్రమే అందుకు కారణమని గ్రహించి, కరెంటును బట్టి తిరిగే మీటరును నిర్మించినాడు. 1889లో అమెరికాలో ఎలిహూ థామ్సన్, హంగరీలో గాంజ్ కంపెనీకి చెందిన ఓట్టో బ్లాథీ వినియోగమైన విద్యుచ్ఛక్తినే నేరుగా కొలిచే మీటరులను తయారుచేసినారు. తరువాత ఇంటింటా కనిపించిన అల్యూమినియము పళ్ళెపు మీటరు ఈ వంశములోనిదే.

ఈ మీటరు వలన కొలతకన్న గొప్ప మార్పు మరొకటి వచ్చినది. అంకెలు ఇంటి గోడ మీదనే కనపడసాగినవి. నెల మొదట ఒక అంకె, నెల చివర ఒక అంకె, మధ్య తేడా వినియోగము. మూడవ తరగతి పిల్లవాడు కూడ చేయగల తీసివేత అది. మన బిల్లులలో యూనిట్ అనే మాట వచ్చినది బ్రిటనునుండి. 1882 నాటి విద్యుద్దీపాల చట్టము తరువాత అక్కడ ఒక కిలోవాట్ గంటను బోర్డు ఆఫ్ ట్రేడ్ యూనిట్ అన్నారు. తోక తెగి యూనిట్ మిగిలినది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరులో పళ్ళెము లేకున్నను చిన్న ఎర్రదీపము మెరుస్తూ ఉంటుంది. మీటరు ముఖము మీద 3,200 అని ఉంటే, ఆ దీపము 3,200 మార్లు మెరిసినప్పుడు ఒక యూనిట్ ఖర్చయినదని అర్థము. గడియారము చేతపట్టుకొని విద్యార్థి ఎవరైనా సరిచూడవచ్చును.

రెండు భాగాల ధర

యూనిట్ల లెక్క తేలిన తరువాత యూనిట్ ధర ఎంత ఉండవలెనన్న ప్రశ్న వచ్చినది. 1892 నవంబరులో ఇంగ్లండు ఇంజనీరు జాన్ హాప్కిన్సన్ ఒక ప్రసంగములో దీనికి సమాధానము చెప్పినాడు. విద్యుత్ కేంద్రానికి ఖర్చు రెండు విధాలు. ఎవరు దీపము వెలిగించినను, వెలిగించకున్నను యంత్రాలను, తీగలను, పనివారిని సిద్ధముగా ఉంచడానికి అయ్యేది ఒకటి. వాడకము కొలది కాలే బొగ్గు ఖర్చు రెండవది. కావున బిల్లు కూడ రెండు భాగాలుగా ఉండవలెనన్నాడు. బ్రైటన్ నగరములో ఆర్థర్ రైట్ ఒక వినియోగదారుడు ఒకేసారి అత్యధికముగా ఎంత వాడినాడో సూచించే గాజుగొట్టపు పరికరాన్ని అమర్చినాడు. కరెంటు వేడికి గాలి వ్యాకోచించి ద్రవాన్ని ప్రక్కగొట్టములోనికి ఒలికించేది. ఎంత ఒలికినదో చూచి చెప్పవచ్చును. నేటి బిల్లులలో కిలోవాటుకు ఇంత అని కనిపించే స్థిరచార్జీకి మూలము ఇక్కడనే ఉన్నది.

ఇక్కడ కూడ బిల్లులోని రెండు భాగాలకూ కంటికి కనిపించే కొలత ఉన్నది. బొగ్గు ధర నిలకడగా ఉన్నంతకాలము ఈ పద్ధతికి చిక్కు రాలేదు.

బొగ్గు ధర బిల్లులోనికి

మొదటి ప్రపంచ యుద్ధ కాలములో బొగ్గు ధర పెరిగినది. అమెరికాలో విద్యుత్ కంపెనీలు పెద్ద కర్మాగారాలతో చేసికొన్న ఒప్పందాలలో ఒక కొత్త షరతు చేర్చినవి. టన్ను బొగ్గు ధర ఫలానా హద్దు దాటితే యూనిట్‌కు ఇంత అదనము అని దాని సారాంశము. కర్మాగారపు యజమానికి బొగ్గు ధర తెలుసు. అతడే బొగ్గు కొనేవాడు కావచ్చును. అందుచేత ఆ షరతు ఇద్దరు వర్తకుల మధ్య న్యాయమైన ఒప్పందముగానే నడచినది. అదే షరతు క్రమముగా ఇండ్ల బిల్లులకు కూడ వ్యాపించినది.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించినవి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్న ముడిచమురు కొద్ది నెలలలో సుమారు నాలుగింతలయినది. చమురు కాల్చి విద్యుత్తు తయారుచేసే అమెరికా తూర్పుతీర నగరాలలో బిల్లులు ఒక్కసారిగా ఎగసినవి. మూల ధర మారలేదు. మారినదల్లా ఇంధన సర్దుబాటు పంక్తి. ప్రజలలో అలజడి కలిగినది. అప్పుడు ఒక సూక్ష్మమైన ప్రశ్న ముందుకు వచ్చినది. ఇంధనపు ఖర్చంతా తనంతట తానే వినియోగదారుని మీదికి పోతున్నప్పుడు, చౌకగా ఇంధనము కొనవలెనన్న పట్టుదల కంపెనీకి ఎందుకుంటుంది? ఈ ప్రశ్న ఫలితముగా 1978 నాటి కేంద్ర చట్టములో, ఇట్టి స్వయంచాలక షరతులను నాలుగేండ్లకు ఒకసారియైనను క్షుణ్ణముగా పునఃపరిశీలించవలెనని కేంద్ర నియంత్రణ కమిషనుకు విధి ఏర్పడినది.

తెలుగునాట

తెలుగునాట విద్యుత్తు చరిత్రలో నీరు, నిప్పు రెండూ ఉన్నవి. 1920లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడచే కేంద్రము ఏర్పడినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పని ప్రారంభించినది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడినది. కొండమీదినుండి దూకే నీటికి ధర లేదు గనుక జలవిద్యుత్తులో ఇంధన సర్దుబాటు ప్రసక్తి లేదు. 1966లో కొత్తగూడెము, 1979లో విజయవాడ థర్మల్ కేంద్రాలు వచ్చినవి. తరువాత గోదావరి లోయలోని సహజవాయువుతో జేగురుపాడు, కాకినాడ కేంద్రాలు వెలసినవి. ఇట్లు బొగ్గు, వాయువుల వాటా పెరిగినకొలదీ గనిలో ధర, రైలు బాడుగ, వాయువు లభ్యత ఇంటి బిల్లును తాకసాగినవి.

1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టము 1999 ఫిబ్రవరి 1నుండి అమలులోనికి వచ్చి, బోర్డు విడిపోయినది. ధరలు నిర్ణయించే అధికారము కొత్తగా ఏర్పడిన నియంత్రణ కమిషనుకు చేరినది. ధరల ప్రతిపాదనలను ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు బహిరంగముగా వినే పద్ధతి మొదలయినది. రైతులు, చిన్న పరిశ్రమలవారు, ఉపాధ్యాయులు, రిటైరయిన ఇంజనీర్లు కాగితాలు చేతపట్టుకొని వచ్చి లెక్కలు అడగడము అలవాటయినది. అయినను 2000లో ధరలు పెరిగినప్పుడు రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆ యేడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించినారు. కరెంటు బిల్లు కేవలము అంకెల వ్యవహారము కాదని ఆ దినము చాటినది.

2003లో విద్యుచ్ఛక్తి చట్టము వచ్చినది. అందులోని 62వ సెక్షను ప్రకారము సాధారణముగా ధరను యేడాదికి ఒకసారికన్న ఎక్కువగా మార్చరాదు. ఇంధన సర్‌చార్జీ సూత్రము ప్రకారము వచ్చే మార్పుకు మాత్రము మినహాయింపు ఉన్నది. 64వ సెక్షను ధరల ప్రతిపాదనలను ప్రకటించి, అభ్యంతరాలను ఆలోచించిన తరువాతనే ఉత్తరువు ఇవ్వవలెనంటుంది. 86వ సెక్షను కమిషను తన అధికారాలను పారదర్శకముగా వినియోగించవలెనని శాసిస్తుంది. తలుపు మూసి ఉంచవలెనన్నదీ, చిన్న కిటికీ తెరచి ఉంచవలెనన్నదీ ఒకే చట్టము. సర్‌చార్జీ ఆ కిటికీలోనుండి వస్తుంది.

లెక్క వేసే విధము

ఒక చిన్న ఉదాహరణ తీసికొందము. అంకెలు ఊహించినవి, పద్ధతి నిజమైనది. ఒక పంపిణీ సంస్థ నెలకు 100 లక్షల యూనిట్లు, యూనిట్ 4 రూపాయల చొప్పున 400 లక్షల రూపాయలకు కొంటుందని కమిషను అంచనా వేసినది. తీగలలో నూటికి 10 వంతులు నష్టమై 90 లక్షల యూనిట్లు అమ్ముడవుతవి. నెల గడిచిన తరువాత చూస్తే కొనుగోలుకు 436 లక్షలు అయినవి. అదనము 36 లక్షలు. దీనిని 90 లక్షల యూనిట్లకు పంచితే యూనిట్‌కు 40 పైసలు. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి 60 రూపాయలు అదనము.

గణితము ఇంతే. కాని ఈ భాగహారములో ప్రతి అంకె వెనుక ఒక ప్రశ్న ఉన్నది.

మొదటిది, 36 లక్షలు ఎందుకు పెరిగినవి? బొగ్గు ధర పెరిగినదా? వాయువు దొరకక, అవసరానికి బయటి అంగడిలో ఎక్కువ ధరకు కొన్నారా? ముందుచూపు ఉంటే తప్పించదగినదేనా? కృష్ణా, గోదావరి నదుల తీరసముద్రములో వాయువు ఉత్పత్తి 2010 తరువాత వేగముగా తగ్గినప్పుడు ఈ ప్రశ్న తీవ్రముగా వినబడినది.

రెండవది, నష్టము నిజముగా 10 వంతులేనా? అది 19 వంతులయితే అమ్ముడయినవి 81 లక్షల యూనిట్లే. అప్పుడు అదే 36 లక్షలను పంచితే యూనిట్‌కు 44 పైసలకు పైబడుతుంది. పెరిగిన నష్టాన్ని సంస్థ భరించవలెనా, సకాలములో బిల్లు చెల్లించేవాడు భరించవలెనా?

మూడవది, పొలాలకు పోయే విద్యుత్తు. 2004నుండి రైతుల పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు ఇవ్వబడినది. మీటరు లేని పంపుసెట్ల వాడకాన్ని నమూనాలనుబట్టి అంచనా కట్టవలసి వచ్చినది. పై 90 లక్షలలో 20 లక్షలు వ్యవసాయానివి అనుకొంటే, వాటి వంతు సర్‌చార్జీని ప్రభుత్వము చెల్లించవలెను. చెల్లించక మిగిలినవారి మీదనే పంచితే యూనిట్‌కు 51 పైసలు దాటుతుంది. అంచనా హెచ్చుగా కడితే, తీగలలో పోయినదీ, దొంగలు వాడుకొన్నదీ కూడ రైతు పేరున చెల్లిపోయే ప్రమాదమున్నది. రైతు ఒక్క పైసా చెల్లించకపోయినను నింద మాత్రము అతనిమీద పడుతుంది.

ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఇంటి మీటరులో లేదు. యూనిట్ల సంఖ్యను గోడమీద చూచుకొన్న గృహస్థు, యూనిట్‌కు 40 పైసలు ఎట్లు వచ్చినవో చూచుకొనలేడు. జింకు పలక తిరిగి కంపెనీ గదిలోనికే వెళ్ళినదన్నమాట.

పాత బాకీలు

నాలుగవ ప్రశ్న కాలాన్ని గూర్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 తరువాత కొన్నియేండ్లు, అంతకు ముందెన్నడో వాడిన విద్యుత్తుకు ఇంధన సర్దుబాటు పేరున బిల్లులు వచ్చినవి. వివాదము ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. అద్దె ఇంటిలో కొత్తగా దిగిన కుటుంబము, ఎవరో వాడిన దీపాలకు తాము ఎందుకు చెల్లించవలెనని అడిగినది. పాత వాడకము మీద వేస్తే పాత అద్దెదారుని బాకీ కొత్తవాని మీద పడుతుంది. నేటి వాడకము మీద వేస్తే నిన్న కనెక్షను తీసికొన్నవాడు కూడ చెల్లించవలసి వస్తుంది. ఆలస్యమయిన లెక్కకు న్యాయమైన పంపకమే లేదు.

విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో కమిషను 2014-15 నుండి 2018-19 వరకు గల అయిదేండ్లకు సుమారు 3,669 కోట్ల రూపాయల ట్రూ-అప్ వసూలును అనుమతించినది. సెప్టెంబరు బిల్లులలో ఆ పంక్తి కనిపించినది. బహిరంగ ప్రకటన సక్రమముగా జరుగలేదన్న అభ్యంతరము వచ్చినది. కమిషను ఆ ఉత్తరువును వెనుకకు తీసికొని, వసూలయిన సొమ్మును తదుపరి బిల్లులలో సర్దవలెనని చెప్పి, తిరిగి విచారణ జరిపినది. 2022లో వసూలు మరల ప్రారంభమయినది. అంటే బాకీ పూర్తిగా రద్దు కాలేదు. కాని ప్రజలకు చెప్పకుండా వేసిన పంక్తి నిలువలేదు.

ఆలస్యానికి విరుగుడుగా 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము కొత్త నియమాలు ప్రకటించినది. ఇంధన, కొనుగోలు ఖర్చులలోని మార్పు నెలనెలా తనంతట తానే బిల్లులోనికి రావలెనని వాటి భావము. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో యూనిట్‌కు 40 పైసల వరకు ఇట్లు వసూలు చేసే పద్ధతి వచ్చినది. దానికి మించినది యేడాది చివర పరిశీలనకు నిలుస్తుంది. ఇందులో మేలు ఉన్నది. బాకీ పేరుకొనదు, దానిమీద వడ్డీ పెరగదు, వాడినవాడే చెల్లిస్తాడు. కీడు కూడ ఉన్నది. నెలనెలా వచ్చే పంక్తికి నెలనెలా విచారణ ఉండదు. వెనుక ఆలస్యము తప్పయినది. ఇప్పుడు వేగము పరీక్షకు నిలువవలసి ఉన్నది.

పరిశీలన వలన ప్రయోజనమేమని అడిగేవారికి ఒక ఉదాహరణ చాలును. 2022-23వ సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు సుమారు 8,114 కోట్ల రూపాయల సర్దుబాటు కోరగా, 2024లో కమిషను లెక్కలు చూచి సుమారు 6,073 కోట్లకు మాత్రమే అంగీకరించినది. రెండు వేల కోట్లకు పైగా తగ్గినది. అడిగినదంతా తనంతట తానే బిల్లులోనికి ఎక్కి ఉంటే ఆ సొమ్ము ఇండ్లనుండి, అంగళ్ళనుండి, కార్ఖానాలనుండి పోయి ఉండేది.

కనపడే కొలత

ఇంధనపు ధర పెరిగినప్పుడు ఎవరో ఒకరు ఆ భారము మోయక తప్పదు. సర్‌చార్జీ అనేదే మోసమనడము శాస్త్రీయము కాదు. అది ఎల్లప్పుడు న్యాయమే అనడమూ శాస్త్రీయము కాదు. లెక్క కనపడితేనే ఏది ఎంతవరకు న్యాయమో తేలుతుంది. ఏ నెల వాడకానికి ఈ పంక్తి వేసినారు, అంచనా ధర ఎంత, అసలు ధర ఎంత, ఎన్ని యూనిట్లకు పంచినారు, ఏ ఉత్తరువు ప్రకారము వసూలు చేస్తున్నారు అనే అయిదు అంకెలు బిల్లు వెనుక అచ్చువేస్తే, పైన చేసిన భాగహారాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనా చేయగలుగుతాడు. ఇంటినుండి తెచ్చిన బిల్లుతో తరగతిలో ఈ లెక్క చేయించిన ఉపాధ్యాయుడు గణితమూ, భౌతికశాస్త్రమూ, పౌరధర్మమూ ఒకే గంటలో బోధించినవాడవుతాడు.

మోర్గన్ కార్యాలయములో దీపాల ప్రక్కన వ్రేలాడిన అట్టలు మీటరుకు అవమానము కలిగించలేదు. మీటరును నమ్మదగినదిగా చేసినవి అవే. బిల్లులోని చివరి పంక్తికి కూడ అట్టి అట్ట ఒకటి కావలసి ఉన్నది.